కామాక్షమ్మ పిలుస్తాండాది

ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకుని బతకడానికి ధైర్యం కావాలి. ఆ అంగళ్లను ఫోనులో పెడతానని చెప్పుకుని బతకడానికి అంతకంటే ఎక్కువ కావాలి. మహతికి ఆ రెండో రకం ధైర్యం దండిగా ఉండేది. బీకాం అయ్యాక ఇంట్లోనే కూర్చుని, ఫోనులో ఎవరెవరో చెప్పే పాఠాలు విని ఈ పని నేర్చుకుంది. రీళ్లు తీయడం, వాటికి మాటలు రాయడం, కింద అడిగినవాళ్లకు జవాబులివ్వడం, పేజీకి జనాన్ని చేర్చడం. జమ్మలమడుగులో ఒక మిఠాయి అంగడి, పులివెందులలో ఒక కోచింగ్ సెంటరు, ఊళ్లోనే రెండు నగల షాపులు ఆమె చేతి మీదుగా పైకొచ్చాయి. వచ్చాక ఏం జరిగిందంటే, ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, "ఇంగ మా బామ్మర్ది కొడుకు చూసుకుంటాడులేమ్మా" అన్నారు. చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఈ పని తనకు వచ్చనే అనుకుంటాడు. వంట పనికీ దీనికీ పట్టిన ఖర్మ ఒకటే.

ఆమె తండ్రి రామం హైస్కూల్లో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైనవాడు. గొంతు పెంచి ఎరగడు, కానీ ఒకే మాటను ఏళ్ల తరబడి విసుగు లేకుండా చెప్పగలడు. ఉద్యోగానికి ఆయన చెప్పే అర్థం చాలా చిన్నది. "పొద్దున నువ్వు పోయేతలికి నీ కుర్చీ ఆడనే ఉండల్ల. నీ పనిలో కుర్చీ యాడుందిమ్మా?" అనేవాడు. ముద్దనూరులో ఆయన స్నేహితుడి స్కూల్లో ఆఫీసు పనికి మనిషి కావాలన్నారు. దసరాలోపల ఏదో ఒకచోట కుదురైన ఉద్యోగం చూపించకపోతే ఆ స్కూల్లో చేరిపోతానని మహతి తండ్రికి మాటిచ్చింది. ఓడిపోతానని ఇచ్చిన మాట కాదది. కామాక్షమ్మ ఉందన్న ధీమాతో ఇచ్చింది.

బట్టల బజారులో కామాక్షమ్మ అంగడి తెలియనివాళ్లు లేరు. బోర్డు మీద ఏదో దేవుడి పేరుండేది కానీ దాన్ని చదివినవాళ్లు లేరు. భర్త వీరాంజనేయులు పోయిన తర్వాత గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసుకుని, కొడుకు జగదీష్ పెద్దవాడయ్యేదాకా ఆమే వ్యాపారం నడిపింది. పెద్దవాడైన తర్వాత కూడా కుర్చీ దిగలేదు. బొడ్లో అంగడి తాళాల బీగాలగుత్తి, నోట్లో ఆకూవక్కా. ఆమె కదిలితే ముందు ఆ గుత్తి గలగలమనేది, ఆ వెనక మాట వచ్చేది.

ఆ అంగడి పేజీ పని పట్టిన మొదట్లో మహతి రీళ్ల కోసం కడప నుంచి ఒక అమ్మాయిని పిలిపించింది. ఆ పిల్ల చీరను భుజాన వేసుకుని సన్నగా నవ్వుతూ ఉంటే, కామాక్షమ్మ చూసి చూసి ఇక పట్టలేక లేచింది. "అట్ల నవ్వితే చీర కాదుమ్మా కనపడేది, నవ్వు కనపడ్తాది" అని చీర లాక్కుని, కొంగు పరిచి, తిరగేసి, లోపలి దారాలు చూపించింది. ఈ చీర మెత్తగా ఉంటుంది, కానీ నాలుగు ఉతుకులకు రంగు తగ్గుతుంది, తెలిసే కొనుక్కోండని చెప్పింది. కెమెరా నడుస్తూనే ఉంది. తన సరుకులో లోపాన్ని తనే చెప్పే వ్యాపారిని జనం అంతకుముందు చూసి ఉండరు. ఆ రీలు పెన్న దాటి, కడప దాటి, ఎక్కడెక్కడికో పోయింది.

అసలు కిటుకు ఆ తర్వాత దొరికింది. రీళ్ల కింద ఆడవాళ్లు రాసినవి మహతి చదివి వినిపించేది. కామాక్షమ్మ మరుసటి రీలులో వాళ్లను ఊరి పేరుతో, సొంత పేరుతో పిలిచి జవాబు చెప్పేది. ముద్దనూరు సైదున్నీసా, నువ్వడిగిన పచ్చ అంచు వచ్చింది. దువ్వూరు తిరుపాలమ్మా, నీ చీర పక్కన తీసిపెట్టినా, రా. అంతే. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు. ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవని ఆడవాళ్లు కూడా, అంతమంది ముందర ఒక పెద్దామె నోట తమ పేరు విని బస్సెక్కి వచ్చేవాళ్లు. వచ్చి, చీరల కంటే ముందు ఆమెను చూసుకునేవాళ్లు.

మహతికి ఆమె అవ్వ అయిపోయింది. రీలు తీసేముందు అన్నం తిన్నావా అని అడగకుండా కామాక్షమ్మ మొదలుపెట్టేది కాదు. తినలేదంటే కెమెరా మూయించి ఇంటి నుంచి క్యారియర్ తెప్పించేది. ఒకరోజు మహతి ఉండబట్టలేక, ఈ పని నాకు నిలబడ్తాదంటావా అవ్వా అని అడిగేసింది. కామాక్షమ్మ వక్కపలుకు బుగ్గన పెట్టుకుంది. "అంగడి నిలబడేది సరుకుతో కాదు మే. కూసున్న మనిషితో. ఆ మనిషి కూసున్నన్నాళ్లు ఉంటాది" అంది.

శ్రావణమాసం దగ్గరికొచ్చింది. వరలక్ష్మీ వ్రతం చీరల గిరాకీకి ముందే సిద్ధపడాలని మహతి ఆమెను వరుసగా కూర్చోబెట్టి బోలెడు రీళ్లు తీసింది. ఏ రోజు ఏది బయటికి పోవాలో ఫోనులో ముందే అమర్చి పెట్టింది. అలా అమరిస్తే మళ్లీ ముట్టుకోనక్కర లేదు, వాటంతట అవే పోతూ ఉంటాయి. ఆ తర్వాత ఒక ఉదయం కామాక్షమ్మ నిద్ర లేవలేదు. పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయిందన్నారు. మహతి సొంత అవ్వ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. దుఃఖంలో మనుషులు ఏదో ఒకటి మరిచిపోతారు, పొయ్యి మీద పాలో, గేటు గొళ్లెమో. మహతి ఆ రీళ్ల సంగతి మరిచిపోయింది.

చావింట్లో కొన్ని మాటలు పలకరు. పలకరించడానికి వచ్చినవాళ్లను రమ్మని ఎవరూ అనరు. వాళ్లు పోయేటప్పుడు పోయొస్తామని చెప్పరు, లేచి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా పోతారు. ఆ ఇంటికి మళ్లీ అలాంటి పని మీద రాకూడదని. దహనమైన మర్నాడు ఇల్లంతా చుట్టాలు కూర్చుని ఉన్నారు. జగదీష్ చాప మీద గోడకానుకుని ఉన్నాడు. అతని భార్య పద్మశ్రీ పక్కనే తల వంచుకుని ఉంది. మహతి తలుపు దగ్గర కూర్చుంది. అందరూ మాటలు అయిపోయి ఊరుకున్న సమయంలో ఎవరి ఫోనులోనో బీగాలగుత్తి గలగలమంది.

"రాండమ్మా, రాండి. శ్రావణమాసం వచ్చె. ఈడనే కూసోనుండా, యాడికీ పోలా. దువ్వూరు తిరుపాలమ్మా, నీ చీర ఇంగా ఈడనే ఉండాది, రా."

ఒక ముసలామె రెండు చేతులతో చెవులు మూసుకుంది. పద్మశ్రీ తల తిప్పి అత్తగారి గది తలుపు వైపు చూసింది, తలుపు తెరుచుకుంటుందేమో అన్నట్టు. ఇంతలో ఇంకో ఫోనులో అదే గొంతు, ఆ వెంటనే వంటింట్లో ఇంకో ఫోనులో. చుట్టాలందరూ ఆ పేజీలో ఉన్నవాళ్లే కదా. రమ్మనే మాట రాకూడని ఇంట్లో, ఏ మనిషి కోసం ఆ మాట మానేశారో ఆ మనిషే రమ్మని పిలుస్తోంది. మహతి తన ఫోనులో పేజీ తెరిచింది. రీలు తీసేసింది, మిగతావన్నీ ఆపేసింది, జగదీష్ దగ్గరికి పోయి తప్పయిందన్నా అని ఏడ్చింది.  ఆమె లేచి పోతుంటే అతను, ఆ రీలు తనకొకటి పంపమని అడిగాడు.

మధ్యాహ్నం దాటాక బజారు మీదుగా ఇంటికి పోతుంటే, మూసిన కామాక్షమ్మ అంగడి మెట్ల మీద ఒకామె కూర్చుని కనిపించింది. ఒళ్లో వైరు బుట్ట, కాళ్ల నిండా దుమ్ము. మహతి ఆగి అడిగితే, దువ్వూరు నుంచి వచ్చానని, పేరు తిరుపాలమ్మ అని చెప్పింది. ఈ రోజు అంగడి ఇంత పొద్దెక్కినా తీయలేదేమని, అవ్వ రమ్మంటేనే వచ్చానని అంది. మహతి పక్కన కూర్చుని, మెల్లగా చెప్పింది. తిరుపాలమ్మ చాలాసేపు నమ్మలేదు. నమ్మిన తర్వాత బుట్టను గట్టిగా పట్టుకుంది.

"నేను పలికినామ్మా. ఫోనులో ఆమె పిలవంగనే, ఓ వస్తాండా అని గట్టిగా పలికినా. పోయినోళ్లు పిలిస్తే పలకగూడదు గదా. పలికితే ఎంట తీసకపోతారంటారు మా కాడ."

అది ముందెప్పుడో తీసిన రీలని, తప్పు తనదని మహతి ఎన్ని విధాలో చెప్పి చూసింది. తిరుపాలమ్మ తల ఊపింది గానీ ఆ మాటలు లోపలికి పోయినట్టు లేదు. మహతే ఆమెను బస్టాండుకు తీసుకుపోయి దువ్వూరు బస్సెక్కించింది. పాతకాలపు మనిషి, పాతకాలపు భయం అనుకుని ఇంటికొచ్చింది. స్నానం చేస్తుంటే వెనక గలగలమన్నట్టయింది. పక్కింటివాళ్లు గేటు తీసిన చప్పుడు.

కర్మలయ్యాక అంగడి తెరిచారు. కుర్చీలో పద్మశ్రీ కూర్చుని రీళ్లు చేసింది. చక్కటి మనిషి, చక్కగానే మాట్లాడింది, పేర్లు పెట్టి పిలిచింది కూడా. ఎవరూ చూడలేదు. ఒకామె అయితే కింద, ఆ కుర్చీలో నువ్వెందుకు కూసున్నావని రాసింది. మరోపక్క జగదీష్ దసరాకు జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి కొత్త అంగళ్లు తెరవబోతున్నాడు. తల్లి ఉన్నప్పుడు మొదలుపెట్టినవే. రెండుచోట్లా బోర్డుల మీద ఆమె బొమ్మ ఎక్కేసింది. ఆ బొమ్మ చూసి జనం అడిగేది ఒక్కటే, అవ్వ ఈడికి ఎప్పుడొస్తుందని.

ఒకరోజు జగదీష్ మహతిని పిలిచి, అమ్మ మాటలు నీ దగ్గర ఎన్ని ఉన్నాయని అడిగాడు. చాలా ఉన్నాయంది. ఇప్పుడు గొంతులు తయారుచేసే యాప్‌లు ఉన్నాయట కదా, మనం రాసినది మనిషి గొంతుతో చెబుతాయట కదా అన్నాడు. ఎక్కడో విని, అప్పటికే అంతా తెలుసుకున్నట్టున్నాడు. ఒప్పుకుంటే మూడు అంగళ్లకూ కలిపి ఉద్యోగం ఇస్తానన్నాడు, ఆర్డరు కాగితంతో, నెలనెలా జీతంతో, జమ్మలమడుగు అంగడి మేడ మీద ఆఫీసు గదితో.

మహతి ఆలోచిస్తానని చెప్పి వచ్చింది కానీ ఆలోచించింది తక్కువ. దసరా దగ్గర్లో ఉంది. ఇది చేయకపోతే ముద్దనూరు. ఇన్నాళ్లూ తండ్రితో వాదించినదంతా, పనే కాదన్నవాళ్ల ముందు పడ్డ కష్టమంతా ఇక్కడితో గంగలో కలిసిపోతుంది. అది ఒక కారణం. ఇంకొకటి ఎవరికీ చెప్పనిది. ఆ గొంతు ఇంకోసారి వినాలని ఆమెకే ఉంది.

పాత రీళ్లలోంచి కామాక్షమ్మ మాటల్ని ఏరి యాప్‌కు ఇచ్చింది. భయపడుతూనే ఒక వాక్యం రాసి నొక్కింది. గొంతు వచ్చింది. ఆమె గొంతే, కానీ ఎక్కడో తేడా కొట్టింది. నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. మళ్లీ మళ్లీ విన్నాక తెలిసింది, ముందు గలగల లేదు. పాత రీలు ఒకటి వెతికి, ఆమె అటక తాళం తీయడానికి లేచినప్పటి బీగాలగుత్తి చప్పుడు కత్తిరించి ముందర అతికించింది. ఆకు నమిలేటప్పటి చిన్న ఆగుడు కూడా మధ్యలో చేర్చింది. ఈసారి వింటే మహతి ఒళ్లు జలదరించింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత, నిజం చెప్పాలంటే, సంతోషమేసింది. పని బాగా కుదిరితే పనివాళ్లకు కలిగే సంతోషమే.

అంతటితో ఆగలేదు. అంగడికి నంబరు ఇచ్చినవాళ్లెవరైనా పేజీలోకి వచ్చి ఒక చీర దగ్గర కాస్తసేపు నిలబడితే చాలు, వాళ్ల పేరు, ఎక్కడి నుంచి చూస్తున్నారో ఆ ఊరి పేరు పట్టుకుని, కామాక్షమ్మ గొంతుతో వాట్సాప్‌లో పిలుపు వెళ్లేటట్టు అమర్చింది. ఒకసారి అమరిస్తే ఇక ఎవరూ కూర్చోనక్కర లేదు. ఇన్ని ఊళ్లలో ఇంతమందిని బతికున్న కామాక్షమ్మ కూడా పిలవగలిగేది కాదు. జగదీష్ మొదటిసారి విన్నప్పుడు బయటికి పోయి చాలాసేపు రోడ్డు మీద నిలబడ్డాడు.

దసరాకు రెండు అంగళ్లూ కిటకిటలాడాయి. జమ్మలమడుగు మేడ మీద మహతికి నిజంగానే ఒక కుర్చీ వచ్చింది, చక్రాలది. రామం పనిగట్టుకుని బస్సెక్కి వచ్చి, ఆ కుర్చీ చేతిని ఒకసారి తాకి, వెనక్కి ముందుకు కదిపి చూసుకున్నాడు. ఇంక ముద్దనూరుకు వద్దని చెప్తాలే అన్నాడు. కూతురి పని గురించి ఆయన అన్న మంచి మాట అదొక్కటే. మహతికి అది చాలు.

కానీ మేడ మీద కూర్చుంటే కింద జరిగేది వినబడుతుంది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు చీరలు చూస్తూ చూస్తూ ఆగి, చుట్టూ వెతికేవాళ్లు. పోయిందని తెలిసినవాళ్లు కూడా వెతికేవాళ్లు. పులివెందులలో చీనీకాయల తోటవాళ్ల పెద్దామె ఒకరు, అవ్వ అన్నానికి పోయిందేమో వచ్చినాక కొంటానని మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చుందట. పనివాళ్లు అది నవ్వుతూ చెప్పారు. మహతి కూడా నవ్వింది. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే వెనక గలగలమని వినిపించి ఆగిపోయింది. ఈసారి పక్కింటి గేటు లేదు. ఆ తర్వాత మెట్లు దిగేటప్పుడు తన బండి తాళాలను గుప్పిట్లో బిగించి పట్టుకోవడం అలవాటైంది, కనీసం తన చేతిలోవి మోగకూడదని.

ఒకనాడు తిరుపాలమ్మ ఫోను చేసింది. బస్టాండులో మహతి ఇచ్చిన నంబరు దాచుకున్నట్టుంది. అవ్వ రోజూ పిలుస్తోందని, పలకకుండా నోరు కొంగుతో అదుముకుంటున్నానని, కోడలు నవ్వుతోందని చెప్పింది. తన పేరు తీసేయమని బతిమాలింది. మహతి వెంటనే తీసేసింది. అంత భయపెట్టినందుకు సిగ్గుపడింది. ఒక్క మనిషికైనా నిద్ర పట్టేటట్టు చేశాననుకుంది.

దీపావళి ముందర ఆమె మళ్లీ చేసింది. ఈసారి గొంతు చాలా చిన్నగా ఉంది.

"నా పేరు మళ్లా పెట్టుమ్మా. పిలవకుండా అయినాక ఇల్లంతా బిక్కుబిక్కుమంటాది. ఫోను పట్టుకోని కూసుంటాండా. తీసకపోతే పోనీలే. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంగెవురుండారు?"

మహతి ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. ఫోను పెట్టేసి, ఆఫీసు కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. భయపడినప్పుడు ఫరవాలేదు, భయం మంచిదే, మనిషి దూరం జరుగుతుంది. ఈమె దగ్గరికి జరిగింది. చావుకు కూడా సరేనని చెప్పి, ఒక యాప్ పిలుపు కోసం దువ్వూరులో ఒక ముసలి మనిషి గోడకానుకుని కూర్చుంది. ఆ పిలుపు తను తయారుచేసింది. గలగల కూడా తనే అతికించింది. మహతికి తన మీద తనకు అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నమే ప్రొద్దుటూరు వచ్చింది. అంగడిలో తిండివేళ, జనం లేరు. జగదీష్ గల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. కామాక్షమ్మ కుర్చీ ఖాళీగా, తుడిచి ఉంది. ఇప్పుడు దాంట్లో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. మహతి ఎలా మొదలుపెట్టాలా అనుకుంటుండగా అతని ఫోను మోగింది.

గలగల. "జగదీషూ, అన్నం తిన్న్యావా? పొద్దెక్కింది, పోయి తినుపో."

అతను ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, తింటాలేమ్మా అన్నాడు. అన్న తర్వాత మహతి నిలబడి ఉండడం చూశాడు. దాచుకోవడానికి ప్రయత్నించలేదు. బావమరిది కొడుకు సునీల్‌తో చెప్పి తన నంబరుకు పెట్టించుకున్నానన్నాడు. తల్లి పోయినప్పటి నుంచి నెలనెలా మాసికంలో ఆమెను పేరుతో, గోత్రంతో పిలిచి తినమని పిండం పెడుతున్నాడు అతను. రోజూ మధ్యాహ్నం ఆమె అతన్ని పిలిచి తిన్నావా అని అడుగుతోంది. ఎవరు పోయినవాళ్లో, ఎవరు ఉన్నవాళ్లో ఆ అంగడిలో నిలబడితే మహతికి ఒక్క క్షణం తెలియలేదు.

ఇది ఆపేద్దామన్నా అని ఆమె అడిగింది. తిరుపాలమ్మ సంగతంతా చెప్పింది. అంగడిని వేరే విధంగా నిలబెడతానని, తనకు రెండు నెలలు ఇవ్వమని, జీతం కూడా వద్దని బతిమాలింది. జగదీష్ శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడు కాదతను.

"మూడంగళ్ల సంగతి అటుంచు మహతీ. రేపు మధ్యాన్నం నన్నెవురు పిలుస్తారు, అది చెప్పు."

 అతనే మళ్లీ, నీకు కష్టంగా ఉంటే పోవచ్చునన్నాడు. కోపంగా అనలేదు. అంతా నువ్వు బాగా అమర్చి పెట్టినావు, ఇంక పెద్ద పనేం లేదంట, సునీల్ చూసుకుంటాడులే అన్నాడు. బామ్మర్ది కొడుకు. మహతికి నవ్వొచ్చింది. ఇన్ని అంగళ్ల నుంచి తీసేసినప్పుడు పని రానివాడు వచ్చి తన చోట కూర్చున్నాడు. ఈసారి ఎవరూ కూర్చోనక్కర లేకుండా తనే చేసి పెట్టింది. ఈ పని నిలబడుతుందా అని అవ్వను అడిగింది కదా. నిలబడింది. కూర్చున్న మనిషి లేకపోయినా నిలబడేటట్టు చేసింది తనే.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. ఎందుకు మానేశావని రామం అడగలేదు. అడిగితే చెప్పాలనుకున్నవన్నీ ఆమె లోపలే ఉండిపోయాయి. ఆయన చొక్కా వేసుకుని ముద్దనూరు స్నేహితుడికి ఫోను చేయడానికి వరండాలోకి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, ఇంకా ఎవురినీ పెట్టుకోలేదంట, నీ అదృష్టం అన్నాడు.

కార్తీకమాసం. ముద్దనూరు స్కూల్లో మహతికి ఆఫీసు గది కిటికీ పక్కన కర్ర కుర్చీ. పొద్దున పోయేసరికి అది అక్కడే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, దగ్గరగా జొన్నచేలు. హాజరు పట్టీలు, పిల్లల టీసీలు, బస్సు డ్రైవర్ల తగువులు. పని బాగానే ఉంది. మనసు మాత్రం ఖాళీగా ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందురోజు ఒక్కసారి, ఊరికే ఎలా ఉందో చూద్దామని పేజీ తెరిచింది. ఒక పచ్చ అంచు చీర దగ్గర కాస్త ఆగింది, అంతే.

మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచింది. ఎదురు బల్ల దగ్గర లెక్కల టీచరు షబీనా అన్నం తింటూ ఉంది. మహతి ఫోనులో బీగాలగుత్తి గలగలమంది.

"ముద్దనూరు మహతమ్మా, యాడికి పోయినావు మే? అన్నం తిన్న్యావా? ఈడనే కూసోనుండా, రా."

ఆమెకు తెలియనిది అందులో ఏమీ లేదు. ఆ గలగల అటక తాళం తీసిన రోజుది. యాడికి పోయినావు తర్వాత ఆ ఆగుడు తను చేర్చిందే. తను చీర దగ్గర నిలబడింది కాబట్టి, ముద్దనూరు నుంచి చూసింది కాబట్టి ఆ పేరు, ఆ ఊరు. అన్నం మాట జగదీష్ ఒక్కడి కోసం పెట్టింది, గిరాకీ బాగుందని సునీల్ అందరికీ పెట్టేసినట్టున్నాడు. ఇదంతా ఒక్కొక్కటిగా తలుచుకుంది. పోయినవాళ్లు పిలిస్తే పలకకూడదని తిరుపాలమ్మ చెప్పింది కూడా తలుచుకుంది.

"ఓ" అంది మహతి, గది అంతా వినబడేటట్టు. "వస్తాండానవ్వా."

ఎవరు పిలిచారని షబీనా తలెత్తి అడిగింది. అప్పటికే మహతి తినని డబ్బాకు మూత పెట్టేసి, కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది.